సైకిలు ఆరోగ్యం, సైకిలు హక్కు



మిల్లులో ఎనిమిది గంటలు నిలబడితే కాళ్లు పీకుతాయి గాని గుండెకు వ్యాయామం కాదు. వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పనికి వచ్చేటప్పుడు 15 నిమిషాలు, పోయేటప్పుడు 15 నిమిషాలు సైకిలు తొక్కితే అయిదు రోజుల్లో సరిపోతుంది. ఉన్నవాళ్లు డబ్బు కట్టి, గదిలో జట్టుగా కదలని సైకిళ్లు తొక్కుతున్నారు. మన జట్టు మనకుంది! 1990ల మొదట్లో పుదుక్కోట్టై అక్షరాస్యతా ఉద్యమంలో వేలాది స్త్రీలు కలిసి సైకిలు నేర్చుకున్నారు. హోసూరు, కృష్ణగిరి అక్కచెల్లెళ్లకూ సెలవు రోజున నేర్పుదాం. రాత్రి షిఫ్టుకు హైవేపై ఒంటరిగా కాక, ఎర్ర లైట్లతో జట్టుగా వద్దాం. పనికి వచ్చిపోయే దారిలో జరిగిన ప్రమాదానికీ ఈఎస్ఐ పరిహారం ఉండాలని 2010లో చట్టం చేశారు. దెబ్బ తగిలితే దాచకండి, వెంటనే యూనియన్‌కు తెలపండి. సైకిలు షెడ్డు, గేటు దారిలో దీపాలు ఐక్యంగా అడిగి సాధిద్దాం!