వానకు ఆగని అప్పడాలు

1959 మార్చి 15. ముంబైలోని గిర్‌గావ్‌లో ఓ డాబా మీద ఏడుగురు గృహిణులు చేరి నాలుగు ప్యాకెట్ల అప్పడాలు ఒత్తారు. పెట్టుబడి 80 రూపాయలు, అదీ అప్పు. అదే నేటి లిజ్జత్ పాపడ్.

వానాకాలం వచ్చింది. ఎండ లేకపోతే అప్పడం ఆరదు. ఆ ఏడాది నాలుగు నెలలు పని ఆగిపోయింది. మరుసటి ఏడు వాళ్లు ఒక మంచం, ఒక స్టవ్ కొన్నారు. మంచం మీద అప్పడాలు పరిచి, కింద స్టవ్ వెలిగించారు. బయట వాన కురుస్తూనే ఉంది, లోపల అప్పడాలు ఆరుతూనే ఉన్నాయి. చిన్న వ్యాపారంలో నిలదొక్కుకోవడమంటే చాలావరకు ఇదే: నిరుడు దెబ్బ ఎక్కడ తగిలిందో గుర్తుపెట్టుకుని, ఈ ఏడు దానికో ఉపాయం సిద్ధంగా ఉంచుకోవడం.

మొదట్లో నాణ్యమైనవి, చౌకవి అని రెండు రకాలు చేసేవారు. అప్పిచ్చిన ఛగన్‌లాల్ పరేఖ్ అది వద్దన్నారు. ఒకే నాణ్యత, పక్కా లెక్కలు ఉండాలని పట్టుబట్టారు. నష్టమొచ్చినా విరాళాలు అడగకూడదని ఆ మహిళలు ముందే తీర్మానించుకున్నారు. 1961లో మలాడ్‌లో శాఖ పెట్టే ప్రయత్నం ఫలించలేదు. అయినా విస్తరణ ఆపలేదు. 1968లో గుజరాత్‌లోని వాలోడ్‌లో శాఖ వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది మరొకటి ఉంది. లాభమైనా నష్టమైనా సభ్యులంతా పంచుకుంటారు. కాబట్టి నడిపించే మనిషి ఒక్కతే భారమంతా మోయదు.

తెలుగునాట ఇలా ఒకరికొకరు తోడుగా ఉండటం కోసమే మహిళా పారిశ్రామికవేత్తలు 1993లో హైదరాబాద్‌లో ‘ఎలీప్’ సంఘంగా ఏర్పడ్డారు. గాజులరామారంలో మహిళలకంటూ పారిశ్రామికవాడ నెలకొల్పారు. అక్కడ కొత్తగా యూనిట్ పెట్టినామె బ్యాంకు రుణం సంగతులు అడగాలంటే, ఆ దారి ముందే నడిచినవారు పక్క షెడ్డుల్లోనే ఉంటారు.