20 డిగ్రీల నియమం, రేకుల ఇల్లు

(2025 జూన్ చివర్లో విద్యార్థుల అధ్యయన బృందం ఒకటి నిర్వహించిన సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



ఈ హాల్లో ఏసీ ఎంతలో ఉందో ఎవరైనా చూశారా? నేను వచ్చేటప్పుడు చూశాను. 19లో ఉంది. ముందు వరుసలో మేడం శాలువా కప్పుకున్నారు. తలుపు బయట స్టూలు మీద కూర్చున్న సెక్యూరిటీ అన్న టోపీతో విసురుకుంటున్నాడు. రిమోట్ ఎక్కడుందని నిర్వాహకులను అడిగితే, అది సొరుగులో ఉంది, తాళం సార్ దగ్గర ఉంది అన్నారు. కాబట్టి మనం ఈ గంటసేపు ఇలాగే వణుకుతూ ఎండ గురించి మాట్లాడుకోవాలి.

ఈ నెల 10న కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ ఒక ప్రకటన చేశారు. ఇకపై ఏసీలను 20 నుంచి 28 డిగ్రీల మధ్యే పనిచేసేలా తయారు చేయిస్తామని, ఇళ్లు, ఆఫీసులు, హోటళ్లు అన్నిటికీ అదే వర్తిస్తుందని చెప్పారు. ఇప్పుడు మార్కెట్లో ఉన్న ఏసీలు 16 వరకు దిగుతాయి. ఆ వారమంతా టీవీల్లో చర్చ: నా ఇంట్లో నా ఏసీ మీద ప్రభుత్వ పెత్తనం ఏమిటని. కొద్ది రోజులకే పర్యావరణ మంత్రి, అలాంటి అవసరం 2050 తర్వాత గానీ రాదన్నట్టు మాట్లాడారు. రెండు శాఖలు రెండు మాటలు చెబుతున్నాయి. నియమం వస్తుందో, కాగితం మీదే ఉంటుందో అది వాళ్లు తేల్చుకోవాలి. వస్తే మనం ఏమనాలి, రాకపోతే ఏమనాలి అన్నది మాత్రం మనం తేల్చుకోవాల్సిన విషయం.

ఇది హఠాత్తుగా పుట్టిన ఆలోచన కాదు. 2001లో ఇంధన పొదుపు చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీయే ఏసీల మీద మనం చూసే చుక్కల లేబుల్ ఇస్తుంది. 2020 జనవరి 1 నుంచి స్టార్ లేబుల్ ఉన్న ప్రతి రూమ్ ఏసీ, ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలవ్వాలని నియమం పెట్టారు. తర్వాత మనం ఎంతకైనా తగ్గించుకోవచ్చు. ఇప్పుడు చెబుతున్నది ఆ తగ్గింపుకు ఒక అడుగు పెట్టడం. పోలీసులు ఇంట్లోకి వచ్చి రిమోట్ చూడరు. కొత్తగా తయారయ్యే మెషీన్ 20 కింద పనిచేయదు, అంతే.

లెక్క చూద్దాం. ఏసీలో ఒక డిగ్రీ పెంచితే దాని కరెంటు ఖర్చు సుమారు 6 శాతం తగ్గుతుందని బ్యూరో అంచనా. దేశంలో ఏసీల మొత్తం లోడు దాదాపు 50 గిగావాట్లని, అందరూ ఒక్క డిగ్రీ పెంచితే గరిష్ఠ డిమాండ్ వేళ 3 గిగావాట్లు మిగులుతాయని విద్యుత్ శాఖ కార్యదర్శి చెప్పారు. 3 గిగావాట్లంటే 3,000 మెగావాట్లు. మాది రామగుండం వైపు. మా ఊరి నుంచి చూస్తే కనపడే పాత ఎన్టీపీసీ ప్లాంటు మొత్తం సామర్థ్యం 2,600 మెగావాట్లు. అంటే దేశంలో ఏసీలున్న వాళ్లు ఒక్క డిగ్రీ ఓర్చుకుంటే రామగుండం కంటే పెద్ద ప్లాంటు ఒకటి కట్టాల్సిన పని తప్పుతుంది. దానికి కావాల్సిన బొగ్గు, ఆ బొగ్గు కోసం తవ్వే ఓపెన్ కాస్ట్, దాని పక్కన పేలుళ్లకు గోడలు పగిలే ఇళ్లు, బూడిద చెరువు, అవి ఎవరి ఇళ్ల పక్కకు వస్తాయో నేను ఈ సభకు చెప్పనక్కర్లేదు. అందుకే ఈ నియమం మంచిదే అంటాను. నిజానికి 20 అనేది చాలా ఉదారమైన అడుగు. 24కు తెచ్చినా ఎవరికీ జలుబు తగ్గడం తప్ప నష్టం జరగదు.

ఇక్కడ మన మిత్రుల్లోనే ఒక అభ్యంతరం ఉంది. నిన్న హాస్టల్లో దీని మీదే గంటన్నర వాదన అయింది. ఒక తమ్ముడు ఏమన్నాడంటే: "అన్నా, వాళ్లు మూడు తరాలు చల్లగా పండుకున్నరు. మనోడు మొదటిసారి ఈఎంఐ మీద ఏసీ కొన్న యేడే రూల్స్ గుర్తొచ్చినయా?" ఈ అనుమానం ఊరికే రాలేదు. బావి దగ్గర నుంచి బడి దాకా, మనం అందుకునే వేళకు నియమాలు మారడం మన చరిత్రలో ఉంది. కానీ ఈ విషయంలో తమ్ముడి వాదన నిలవదని నా అభిప్రాయం.

ఎందుకో చెప్తాను. మా ఇల్లు సిమెంటు రేకులది. మే నెలలో మధ్యాహ్నం రేకు కింద చెయ్యి ఎత్తితే పెనం మీద పెట్టినట్టుంటుంది. అలాంటి గదిలో ఒక టన్ను ఏసీ పెట్టి 18 నొక్కితే గది 18కి రాదు. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, గది ఏ 28 దగ్గరో ఆగుతుంది. 20 అనే అడుగు తగిలేది మందపాటి గోడలు, స్లాబు, ఫాల్స్ సీలింగ్ ఉన్న గదులకే. మన వాళ్లకు అడ్డం వచ్చేది రిమోట్ కాదు, పైకప్పు.

రెండోది, పేదల ఏసీకి పరిమితి ఎప్పుడో పెట్టేశారు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 201వ యూనిట్ పడితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఒక టన్ను ఏసీ గంటకు ఇంచుమించు ఒక యూనిట్ లాగుతుందనుకోండి. రాత్రి ఎనిమిది గంటలు వేస్తే నెలకు 240. ఫ్యాను, ఫ్రిజ్, బల్బులు ఇంకా లెక్కలోకే రాలేదు. ఆ ఇంట్లో ఏసీ వేయాలా వద్దా అన్నది డిగ్రీలు చూసి కాదు, మీటరు చూసి తేలుతుంది. ఈ పరిమితి మీద ఏ టీవీలోనూ స్వేచ్ఛ గురించి చర్చ జరగలేదు.

అసలు దేశంలో ఏసీ ఉన్న వాళ్లెంతమంది? 2019లో కేంద్రమే విడుదల చేసిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ ప్రకారం అప్పటికి సుమారు 8 శాతం ఇళ్లలోనే రూమ్ ఏసీ ఉంది. ఈ ఆరేళ్లలో పెరిగి ఉంటుంది, ఎంత పెరిగినా ఎక్కువ మందికి ఏసీ లేదు. థర్మోస్టాట్ మీద నియమం అంటే థర్మోస్టాట్ ఉన్న వాళ్ల మీద నియమం. మిగతా వాళ్ల ఉష్ణోగ్రతను ప్రభుత్వం ఇంతవరకు ముట్టుకోలేదు. నా అసలు ఫిర్యాదు ఇదే. చల్లని గది ఇంతకంటే చల్లబడకూడదని చెప్పే అధికారం తనకుందని రాజ్యం గుర్తించింది, సంతోషం. మనిషి పనిచేసే చోటు ఇంతకంటే వేడెక్కకూడదని చెప్పే అధికారం కూడా తనకుందని ఎప్పుడు గుర్తిస్తుంది?

చట్టంలో అసలేమీ లేదని కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్ ప్రకారం పనిగదుల్లో గాలి ఆడాలి, ఉష్ణోగ్రత భరించగలిగేలా ఉండాలి. కానీ అది గదికి సంబంధించిన మాట. రోడ్డు ఊడ్చే అక్క, స్లాబు పోసే కూలీ, డెలివరీ తమ్ముడు, ఇటుక బట్టీలో కుటుంబం, వీళ్ల మీద గది లేదు కాబట్టి సెక్షన్ కూడా లేదు. ఆరుబయట ఎవరున్నారన్నది యాదృచ్ఛికం కాదు. బెంగళూరు, అహ్మదాబాద్ ఐఐఎంల పరిశోధకులు మరికొందరితో కలిసి, జాతీయ శ్రామికుల సర్వే వివరాలను ఉపగ్రహాల వేడి లెక్కలతో కలిపి చూశారు. ఎండలో గడిచే పని గంటలు అగ్రకులాల వాళ్లకంటే ఎస్సీ, ఎస్టీ కార్మికులకు ఎక్కువని వాళ్లకు తేలింది. మనకు తెలిసిందే కదా అంటారు. తెలిసిందే, కానీ మన అనుభవాన్ని టేబుల్ రూపంలో పెడితే తప్ప ఎవరూ వినని చోట మనం చదువుతున్నాం.

ఆ వేడి చంపుతుంది కూడా. 2015 వేసవిలో దేశం మొత్తంలో రెండు వేలు దాటిన వడదెబ్బ మరణాల్లో అత్యధికం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే. ఈ ఏడాది ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోతే 4 లక్షలు ఇస్తామంది. అంతకుముందు ఇచ్చేది 50 వేలే, కాబట్టి ఇది చిన్న మార్పు కాదు. కాకపోతే అది చనిపోయాక వచ్చే డబ్బు.

మరి బతికున్నప్పుడు వేడిని లెక్కగట్టడం మన రాజ్యానికి చేతకాదా? ఒకప్పుడు చేతనయింది. ఉపాధి హామీలో ఉమ్మడి రాష్ట్రం నుంచి వేసవి భత్యం అని ఒకటి ఉండేది. ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలల్లో 30, జూన్‌లో 20 శాతం. ఎండకు నేల గట్టిపడుతుంది, మనిషి తొందరగా అలసిపోతాడు, కాబట్టి తక్కువ తవ్వినా కూలి తగ్గకూడదని దాని అర్థం. మా అమ్మ ఇరవై ఏళ్లుగా గడ్డపార పట్టిన మనిషి. ఆమెకు థర్మోస్టాట్ అంటే తెలియదు గానీ, "మేల ముప్పై ఎక్కువ" అని లెక్క బాగా తెలుసు. కేంద్ర సాఫ్ట్‌వేర్‌కు మారాక ఆ భత్యం ఆగిపోయింది. ఎండను కొలిచి కూలీకి లెక్కగట్టిన పద్ధతి ఒకటి మన దగ్గరే ఉండేదని మన థీసిస్‌లలో ఎక్కడైనా రాశామా?

బయటి దేశాల సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 2022 జూలైలో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో వీధి ఊడుస్తూ అరవై ఏళ్ల పారిశుధ్య కార్మికుడు ఎండకు కుప్పకూలి చనిపోయాడు. ఆ మరుసటి నెలలోనే, ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ కొరత వచ్చి, స్పెయిన్ ప్రభుత్వం ఆఫీసులు, దుకాణాలు, హోటళ్లలో ఏసీ 27 కంటే తక్కువ ఉండకూడదని, చలికాలంలో హీటర్ 19 దాటకూడదని ఆదేశించింది. అక్కడితో ఆగలేదు. 2023 మే నెలలో ఇంకో ఆదేశం వచ్చింది. వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో, తగిన రక్షణ ఇవ్వలేకపోతే, ఆరుబయట పని గంటలు తగ్గించాలి లేదా మార్చాలి. ఏసీ గదికి ఒక హద్దు పెట్టిన రాజ్యం ఏడాది తిరక్కుండా ఎండకూ ఒక హద్దు పెట్టింది. మన దగ్గర మొదటి సగం మాత్రమే ప్రకటనల్లో ఉంది.

జపాన్‌లో 2005 నుంచి కూల్ బిజ్ అని ఒక కార్యక్రమం నడుస్తోంది. ఆఫీసులో ఏసీ 28లో పెట్టి, కోటు, టై తీసేయమంటారు. దీన్ని మన సెమినార్లలో తరచూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం కోటు అనగానే మన చౌరస్తాల్లోని నీలి కోటు గుర్తొస్తుంది. తరతరాలుగా కోటు ఉన్నవాడికి అది తీసేయడం సుఖం. మొదటి ఇంటర్వ్యూకి అప్పు తెచ్చుకున్న కోటు వేసుకుని వెళ్లిన వాడికి, అది లేకపోతే ఎదుటివాడి చూపు ఎలా మారుతుందో తెలుసు. 28 డిగ్రీలు పాటిద్దాం, కానీ మర్యాద కోటులో లేదని ముందు ఆ చూసేవాళ్లు నేర్చుకోవాలి.

పొదుపు అనే మాటతో మనకు ఇంకో చిక్కు ఉంది. బాబాసాహెబ్ 1942 నుంచి వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు విద్యుత్ విధానం కూడా ఆయన చేతిలో ఉండేది. 1943లో విద్యుత్ విధాన సంఘం ముందు ఆయన చెప్పిన విషయం ఏమిటంటే, ఈ దేశంలో పేదరికం పోవాలంటే పరిశ్రమలు రావాలి, దానికి కరెంటు చౌకగా, పుష్కలంగా దొరకాలి. అదే ఏడాది డిసెంబరులో ఆయన ఝరియా బొగ్గు గనులకు వెళ్లి కార్మికుల స్థితి చూసి వచ్చారు. కరెంటు ఎవరికి చేరుతుంది, దాని బొగ్గు ఎవరు తవ్వుతున్నారు అన్న రెండు ప్రశ్నలూ ఆయన ఒకేసారి అడిగారు. కాబట్టి ఎక్కువ వాడే దగ్గర తగ్గించమని అడగడం మన పనే, తక్కువ ఉన్న దగ్గర పెంచమని అడగడం కూడా మన పనే. ఆ 3,000 మెగావాట్లు మిగిలితే ఎక్కడికి పోతాయో అడగాలి. ఇంకో మాల్‌కా, లేక మా వాడ ట్రాన్స్‌ఫార్మర్‌కా? ఎండాకాలం రాత్రి తొమ్మిదింటికి లో వోల్టేజీతో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకునేలా తిరిగే ఇళ్లలో నేను పదో తరగతి చదివాను.

పైకప్పు సంగతికి వస్తే, 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత, టైల్స్ లాంటివి. మంచి విధానం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకూ తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. 600 గజాల వాడికి స్లాబు ఉంది, చెట్టు ఉంది, ఏసీ కూడా ఉంది. అరవై గజాల్లో రేకుల కింద ఉన్న వాళ్లకు ఐచ్ఛికం అంటే సొంత డబ్బులుంటే వేసుకో అని. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ నిధి నుంచి వాడల్లో రేకుల ఇళ్లకు ముందు ఈ పూత వేయించమని అడిగితే అది వింత కోరికేమీ కాదు.

ఇక మన క్యాంపస్ సంగతి చెప్పి ముగిస్తాను. కేంద్ర నియమం వచ్చినా రాకపోయినా మన లైబ్రరీ, ఈ హాలు, పరిపాలనా భవనం 25లో పెట్టమని మనం అడగవచ్చు. దాంతో పాటే హౌస్‌కీపింగ్ అక్కలు మెట్ల మీద కాకుండా చల్లని గదిలో అన్నం తినే వీలు కల్పించాలి. చెన్నై కార్పొరేషన్ డెలివరీ కార్మికుల కోసం రోడ్డు పక్కన ఏసీ విశ్రాంతి గదులు తెరిచింది; అక్కడ నగరానికి సాధ్యమైంది మన ఒక్క భవనానికి సాధ్యం కాదా? ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో తోటపని, నిర్మాణం పని పదకొండు నుంచి నాలుగు దాకా ఆపాలి, ఆ గంటలకు కూలి కోయకూడదు. కాంట్రాక్టరు ఒప్పుకోడు అంటారు. ఆ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది విశ్వవిద్యాలయమే, షరతు అందులోనే రాయించవచ్చు.

వినతిపత్రం బయట బల్ల మీద పెట్టాం. కాంట్రాక్టు కార్మికుల సంతకాలు తీసుకోవద్దు, రేపు వాళ్ల పనికే ఎసరు వస్తుంది. మనమే పెడదాం. వెళ్లేటప్పుడు సెక్యూరిటీ అన్నకు ఒక కుర్చీ లోపల వేయండి, ప్రశ్నలు ఆ తర్వాత తీసుకుంటాను.

జై భీమ్.