కుర్చీ ఆమెది, మాట ఎవరిది?
(వార్షిక మహాసభలో సమాఖ్య పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, లింకేజీ రుణాల లెక్కలు కార్యదర్శి నివేదికలో విన్నారు. మేము ఇంకో సంగతి మాట్లాడతాం. సంఘంలో అప్పు తీసుకుని మనం చదివించుకున్న ఆడపిల్లలు ఇవాళ హైదరాబాదులో, బెంగళూరులో పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేస్తున్నారు. మగపిల్లలు రాసిన పరీక్షే రాసి చేరారు. పదిహేనేళ్లు పోయాక కంపెనీని నడిపే గదిలోకి తొంగిచూస్తే ఆడవాళ్లు ఏ ఒకరో ఇద్దరో. మిగతావాళ్లు ఎక్కడ ఆగిపోయారు?

చట్టం లేదా అంటే ఉంది. కంపెనీకి బోర్డు అంటే మన ఈసీ లాంటిదే. షేర్ మార్కెట్లో ఉన్న ప్రతి కంపెనీ బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలని 2013 కంపెనీల చట్టం చెప్పింది. చాలా కంపెనీలు ఏం చేశాయి? యజమాని భార్యనో, కూతురినో కూర్చోబెట్టాయి. వాళ్లలో సమర్థులు లేరని మేము అనం. కానీ చట్టం కోరింది అది కాదు కదా. అందుకే సెబీ ఇంకో నియమం తెచ్చింది. 2019 ఏప్రిల్ నుంచి మొదటి 500 కంపెనీల్లో, 2020 ఏప్రిల్ నుంచి మొదటి 1000 కంపెనీల్లో, యజమాని కుటుంబంతో సంబంధం లేని స్వతంత్ర మహిళా డైరెక్టర్ ఉండి తీరాలంది.

మనకిది కొత్త కథా? సర్పంచి ఆమె, సంతకం ఆమెది, పంచాయతీ ఆఫీసులో కూర్చునేది ఆయన! ఊళ్లో చూసిందే కంపెనీలోనూ జరిగింది, అంతే.

అసలు అడ్డం బోర్డు దగ్గర కాదు, దారి మధ్యలో ఉంది. బ్యాంకునే తీసుకోండి. ప్రమోషన్ వస్తే బదిలీ వెంటే వస్తుంది. మగాయనకు బదిలీ అయితే ఇల్లంతా మూటాముల్లె సర్దుకుని వెళ్తుంది. ఆమెకు అయితే “పిల్లల చదువో?” అంటారు. 1955లో ఏర్పడిన స్టేట్ బ్యాంకుకు మహిళా ఛైర్మన్ రావడానికి 2013 దాకా పట్టింది. ఆమె అరుంధతీ భట్టాచార్య, 1977లో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరినావిడ. ఆవిడ హయాంలోనే పిల్లల కోసం, పెద్దవాళ్ల కోసం మహిళా ఉద్యోగులు రెండేళ్ల వరకు సెలవు తీసుకుని మళ్లీ వచ్చే వీలు కల్పించారు. ఎక్కడ ఆగిపోతారో ఆ దారిన నడిచినావిడకు తెలుసు మరి.

ఫ్యాక్టరీల సంగతి వేరు. రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు ఆడవాళ్లను పనిలో పెట్టకూడదని 1948 చట్టంలో ఉండేది. కాపాడటానికే పెట్టారు, తర్వాత సడలింపులూ వచ్చాయి. కానీ రాత్రి షిఫ్టు నడపని మనిషిని రేపు ఫ్యాక్టరీ మేనేజరును చేస్తారా? ప్రసూతి సెలవూ అంతే. 2017లో 26 వారాలకు పెంచారు, మంచిదే. ఆ జీతం భారమంతా కంపెనీ మీదే పెట్టారు. ప్రైవేటు కంపెనీలో తండ్రికి సెలవు ఇవ్వాలని మాత్రం చట్టంలో లేదు. ఇక ఆడపిల్లను తీసుకునేముందు యజమాని వేళ్లు మడిచి లెక్క వేసుకోడూ?

ఇంకోటి, చిన్నదిగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. మన గ్రామ సంఘం మీటింగు వంటా, పొలం పనీ చూసుకుని మనకు వీలైన పూట పెట్టుకుంటాం. కంపెనీలో ముఖ్యమైన మాటలు సాయంత్రం ఏడు దాటాకే తేలతాయి. అప్పటికి ఆమె పిల్లను తెచ్చుకోవడానికి బయల్దేరి ఉంటుంది. మర్నాడు వచ్చేసరికి నిర్ణయం అయిపోయి ఉంటుంది.

అందుకని ఒకటి కోరుతున్నాం. వచ్చే నెల గ్రామ సంఘం ఎజెండాలో దీన్ని చేర్చండి. కంపెనీ ఉద్యోగం చేస్తున్న కూతురో, కోడలో ఉన్న సభ్యులు వాళ్లను అడగండి: ప్రమోషన్ వదులుకున్నావా, ఎందుకు? బదిలీయా, రాత్రి పనా, పిల్లను చూసేవాళ్లు లేకనా, ఇంట్లో వద్దన్నారా? పేర్లు అక్కర్లేదు, కారణం మినిట్స్ పుస్తకంలో రాయించండి. 50 మంది, అంతకు పైన పనిచేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని చట్టంలో ఉంది, అది ఉందో లేదో కూడా అడగండి. మండల సమాఖ్యలు ఆ కాగితాలు మాకు పంపితే జిల్లా స్థాయిలో కార్మిక శాఖ అధికారులను పిలిచి కూర్చుందాం.