పెన్ను కారితే ఏం చెయ్యాలి?



ఈ పూట పెన్ను గురించి మాట్లాడుకుందాం. రీఫిల్లు వేసే పెన్ను కాదు. సిరా పోసి రాసే పాళీ పెన్ను. కొందరి ఇళ్లల్లో అది నాన్న వాడిన పెన్ను. కొందరి ఇళ్లల్లో బడికి పోయే పిల్లల పెన్ను. దాంతో రాస్తే చేతికి బరువుండదు. పాళీ కాగితం మీద తేలిగ్గా నడుస్తుంది. అక్షరం గుండ్రంగా వస్తుంది.

కానీ దానికి ఒక రోగం ఉంది. కారుతుంది. వేళ్లు నీలం అవుతాయి. చీర కొంగుకు మరక అవుతుంది. "ఈ పెన్ను పనికిరాదు, పారెయ్" అంటారు ఇంట్లోవాళ్లు. పారెయ్యక్కర్లేదు. చాలాసార్లు పెన్ను చెడిపోయి ఉండదు. చిన్న లోపం ఉంటుంది. దాన్ని మనమే సరిచేసుకోవచ్చు.

కారితే నష్టం ఏమిటి?

మరకే గదా, ఉతికితే పోతుంది అనుకోవద్దు. ఒక పొదుపు సంఘం సంగతి చూడండి. ఒక సభ్యురాలు 150 రూపాయలు కట్టింది. లెక్కల పుస్తకంలో రాశారు. పెన్ను కారి 1 మీద సిరా చుక్క పడింది. నెల తిరిగాక చూస్తే 50 మాత్రమే కనిపిస్తోంది. "నేను నూటయాభై కట్టాను" అని ఆమె అంటుంది. "పుస్తకంలో యాభయ్యే ఉంది" అని ఇంకొకరు అంటారు. ఇద్దరిదీ తప్పు లేదు. తప్పు పెన్నుది. కానీ మాట పడేది మనుషులు.

అందుకే ఒక నియమం పెట్టుకోండి. సిరా చుక్క పడితే దానిమీదే దిద్దకండి. ఆ అంకెను ఒక గీతతో కొట్టెయ్యండి. పక్కన మళ్లీ రాయండి. అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయండి. అక్కడే సంతకం చెయ్యండి. డబ్బు కట్టినామె సంతకం కూడా తీసుకోండి.

పెన్ను లోపల ఏముంది?

పెన్నుకు ముందు పాళీ ఉంటుంది. పాళీ మధ్యలో సన్నటి చీలిక ఉంటుంది. సిరా ఆ చీలిక గుండానే దిగుతుంది. పాళీ కింద నాలుకలాంటి నల్లటి ముక్క ఉంటుంది. దాన్ని ఫీడు అంటారు. ఫీడు మీద సన్నటి కాలువలు ఉంటాయి. వీటి వెనక సిరా ఉండే గొట్టం. గొట్టాన్ని మర తిప్పి బిగిస్తాం.

సిరా బయటికి పోవాలంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. నూనె డబ్బాకు ఒకటే చిల్లు పెడితే నూనె సరిగ్గా రాదు. రెండో చిల్లు పెడితే ధారగా వస్తుంది. ఎందుకు? గాలి లోపలికి పోతుంది కాబట్టి. పెన్నులోనూ అంతే. సిరా కొంచెం దిగుతుంది, గాలి కొంచెం ఎక్కుతుంది. ఈ రెండూ సమానంగా ఉంటే పెన్ను చక్కగా రాస్తుంది. 1884లో అమెరికాలోని న్యూయార్కులో వాటర్‌మన్ అనే ఆయన ఇలా గాలి, సిరా నడిచే ఫీడుకు పేటెంటు తీసుకున్నాడు.

మన దగ్గరా మంచి పెన్నులు పుట్టాయి. స్వాతంత్ర్య పోరాటం రోజుల్లో రాజమండ్రిలో కె.వి. రత్నం గారు స్వదేశీ పెన్ను తయారు చేశారు. దాన్ని గాంధీజీకి పంపారు. గాంధీజీ ఆ పెన్నును మెచ్చుకుంటూ 1935లో ఉత్తరం రాశారు.

ఎక్కడ కారుతోంది?

ముందు ఇది కనిపెట్టాలి. పెన్నును పొడిగుడ్డతో బాగా తుడవండి. మర బిగించే చోట తెల్లకాగితం ముక్క చుట్టండి. మూత తీసి పది లైన్లు రాయండి. తర్వాత చూడండి.

చుట్టిన కాగితం నీలం అయితే మర దగ్గర కారుతోంది. గొట్టం పక్కన తడి కనిపిస్తే గొట్టం చిట్లింది. కాగితం పొడిగా ఉండి పాళీ నుంచి చుక్కలు పడితే, తప్పు పాళీ దగ్గరో లోపలి గాలిలోనో ఉంది. మూత లోపల కూడా చూడండి. పాత సిరా అక్కడ ఉండిపోయి వేళ్లకు అంటుతుంది. అప్పుడు పెన్ను కారకపోయినా కారినట్టే ఉంటుంది. మూతను కడిగి ఆరబెడితే చాలు.

మర దగ్గర కారితే

సిరా పోసేటప్పుడు అంచుదాకా పొయ్యకండి. మరలకు సిరా అంటకూడదు. అంటితే తుడిచి బిగించండి. అయినా కారుతుంటే మరలకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. పైపులు, కుళాయి సామాను అమ్మే షాపులో అడిగి చూడండి. కొందరు వాసెలిన్ రాస్తారు. లోపల రబ్బరు వాషరు ఉంటే వాసెలిన్‌తో అది పాడవుతుంది. గ్రీజు దొరికేదాకా కుళాయికి చుట్టే తెల్లటేపు ఒక చుట్టు చుట్టి బిగించవచ్చు. బిగించాలని పట్టుకారు పెట్టి తిప్పకండి. గొట్టం పగులుతుంది. చిట్లిన గొట్టాన్ని మాత్రం మార్చాల్సిందే.

పాళీ నుంచి చుక్కలు పడితే

ఎండలో గాలి నిండా కొట్టిన సైకిలు పెడితే ఏమవుతుంది? ట్యూబు ఢాం అని పేలుతుంది. వేడికి గాలి ఉబ్బుతుంది. పెన్నులోనూ ఇదే జరుగుతుంది. సిరా తగ్గేకొద్దీ గొట్టంలో గాలి పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి ఉబ్బుతుంది. ఉబ్బి సిరాను బయటికి తోస్తుంది. టప్పున చుక్క పడుతుంది. అందుకే నిండుగా ఉన్న పెన్ను కారదు. అడుగంటిన పెన్ను కారుతుంది. చాలామంది దీనికి తిరగేసి అనుకుంటారు.

మందు తేలిక. సిరా సగానికి తగ్గగానే మళ్లీ పొయ్యండి. పెన్నును ఎండలో, పొయ్యి పక్కన పెట్టకండి. జేబులోనైనా సంచిలోనైనా పాళీ పైకి ఉండేట్టు పెట్టండి. బస్సులో పోయేటప్పుడు ఇది మరీ ముఖ్యం.

సిరా నిండుగా ఉన్నా చుక్కలు పడుతున్నాయా? పాళీకీ ఫీడుకూ మధ్య సందు చూడండి. పెన్ను కింద పడితే పాళీ లేచిపోతుంది. రెండూ ఆనుకుని ఉండాలి. వేలితో మెల్లగా నొక్కి సరిచెయ్యండి. పాళీ వంకర పోతే కొత్తది వెయ్యడమే మేలు.

కాలువల్లో పాత సిరా గడ్డకట్టినా ఇబ్బందే. నెలకొకసారి పెన్నును చన్నీళ్లతో కడగండి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. వేడినీళ్లు వద్దు, ప్లాస్టిక్కు వంగిపోతుంది. ఆరాకే సిరా పొయ్యండి. పెన్నుకు పెన్ను సిరా ఒక్కటే వాడాలి. బొమ్మల సిరా, ముద్ర వేసే సిరా పోస్తే కాలువలు మూసుకుపోతాయి.

కార్ట్రిడ్జి కుదరకపోతే

కొన్ని పెన్నులకు సిరా పొయ్యనక్కర్లేదు. సిరా నింపిన చిన్న ప్లాస్టిక్కు గొట్టం దొరుకుతుంది. దాన్ని కార్ట్రిడ్జి అంటారు. దాని మూతి మూసి ఉంటుంది. పెన్ను లోపల ముల్లులాంటి చిన్న గొట్టం ఉంటుంది. కార్ట్రిడ్జిని నిటారుగా పట్టి గట్టిగా నొక్కితే ఆ ముల్లు మూతిని పొడుస్తుంది. టక్‌మని తెలుస్తుంది. అప్పుడు సిరా దిగుతుంది.

పక్కకు వంచి నొక్కితే మూతి వంకరపోతుంది. సందులోంచి సిరా కారుతుంది. సూదితో, బ్లేడుతో మూతిని ముందే పొడవకండి. చిల్లు పెద్దదైతే ముల్లు చుట్టూ బిగువుండదు.

అన్ని కార్ట్రిడ్జిలు అన్ని పెన్నులకూ పట్టవు. ఒక కొలత కార్ట్రిడ్జిలు చాలా కంపెనీల పెన్నులకు సరిపోతాయి. పార్కర్, లామీ, పైలట్ లాంటి కంపెనీలది ఎవరి కొలత వారిదే. మూతి వెడల్పు వెంట్రుకంత తేడా ఉన్నా కుదరదు. చిన్నదైతే ముల్లు ఎక్కదు. పెద్దదైతే వదులై కారుతుంది. కాబట్టి షాపుకు పోయేటప్పుడు పెన్నునూ పాత కార్ట్రిడ్జినీ తీసుకుపోండి. "దీనికి పట్టేది ఇవ్వండి" అని అడగండి. పక్కపక్కన పెట్టి మూతులు చూడండి. ఒక్కటే కొని, వేసి చూసి, తర్వాత పెట్టె కొనండి.

ఖాళీ కార్ట్రిడ్జిలో మళ్లీ సిరా నింపుకోవచ్చా? నింపుకోవచ్చు. డబ్బు కలిసి వస్తుంది. కానీ తీసి పెట్టేకొద్దీ మూతి వదులవుతుంది. వదులైంది అనిపించగానే పారెయ్యండి. రెండు రూపాయలకు చూసుకుంటే పుస్తకమంతా మరక అవుతుంది.

చివరగా ఒక మాట

సిరా చుక్క పడితే రుద్దకండి. సుద్దముక్కతో అద్దండి. తడిని పీల్చేస్తుంది. ఉతికితే పోయే సిరా ఒకటి ఉంది. బట్టకు అది మంచిది. కానీ లెక్కల పుస్తకానికీ పత్రాలకూ మంచిది కాదు. వాన చినుకు పడితే అక్షరం పోతుంది. కొనేటప్పుడు సీసా మీద చదవండి. నీళ్లకు పోని సిరానే లెక్కలకు వాడండి.

ఇంటికి పోయి పెన్ను విప్పి చూడండి. తుడవండి. కాగితం చుట్టి పది లైన్లు రాయండి. ఎక్కడ కారుతోందో మీకే తెలుస్తుంది. పక్కింటామె పెన్ను కారితే ఆమెకూ చెప్పండి.