పాత ఫ్లాటులో క్రొత్త మరుగుదొడ్డి

ఇంటికి పెరడున్న కాలములో పాయిఖానా పెరటి మూల నుండెడిది. దానిని కట్టించుటకు ఇంటి యజమాని తలచుకొన్న చాలును. కరీంనగరము, మంచిర్యాల, ఆదిలాబాదు పట్టణములలో ఇండ్లు అంతస్తుల కెక్కిన పిదప ఈ స్థితి మారినది. 30, 40 ఏండ్ల క్రిందటి ఫ్లాటులలో కొన్నిటికి మరుగుదొడ్డి యొక్కటే. అదియును వంటయింటి వెనుక, సన్నని బాల్కనీ చివర. మోకాళ్ల నొప్పితో బాధపడు ముసలితల్లి రాత్రివేళ గోడ పట్టుకొని అంతదూరము నడువవలసి వచ్చును. పడకగది ప్రక్కనే మరియొకటి కట్టింపవలెనని కుమారుడు తలచుట న్యాయమే. మేస్త్రీ వచ్చి, "వారం రోజుల్ల అయితది సారూ, దీనికి పర్మిషనెందుకు?" అనును.

ఈ ప్రశ్నకు మేము చెప్పదలచిన సమాధాన మొక్కటే. ఫ్లాటులోని మరుగుదొడ్డి ఒక్క యింటిది కాదు. దాని తలుపు మీది. దాని నేల క్రిందివారి పైకప్పు. దాని గొట్టము అందరిది.

కొంచెము లెక్క చూతము. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారము స్నానపుగది, మరుగుదొడ్డి కలిసియున్నచో వైశాల్యము 2.8 చదరపు మీటర్లకు, వెడల్పు 1.2 మీటర్లకు తగ్గరాదు. ఒక గోడయైనను బయటి గాలికి తెరచి యుండవలెను. క్రింద మరియొకరి గది యున్నచో నేల నుండి నీరు దిగకుండునట్లు కట్టవలెను. పడకగది స్లాబు మరుగుదొడ్డి కొరకు పల్లముగా వేసినది కాదు. కావున మురుగు గొట్టము నేలమీదనే సాగవలెను. 40 అడుగులకు ఒక అడుగు వాలు చొప్పున, 10 అడుగుల దూరమునకు 3 అంగుళములు కావలెను. నాలుగంగుళముల గొట్టముతో కలిసి నేల 7 అంగుళములు లేచును. ఆ యెత్తును ఇటుక ముక్కలతో నింపినచో పాత స్లాబుపై సుమారు ముప్పాతిక టన్ను బరువు పడును. పైగా, తల్లి సుఖమునకై కట్టిన గదికి ఆమె ఎక్కలేని మెట్టు ఏర్పడును. కావున ఇప్పుడున్న గొట్టమునకు దగ్గరనే చోటు వెదకుట మేలు. దూలమును తొలచుట ఎన్నటికిని కూడదు.

ఇక అనుమతి రెండు తావుల పొందవలెను. మొదటిది ఇరుగుపొరుగువారిది. 1987 నాటి అపార్టుమెంటుల చట్టము ఉమ్మడి భాగములలో యజమానులందరికి అవిభక్తమైన వాటా కల్పించినది. కావున సంఘము సమావేశములో చెప్పి, వ్రాతమూలకముగా సమ్మతి పొందవలెను. గోదావరిఖని, బెల్లంపల్లి సింగరేణి క్వార్టర్లలో యజమాని కంపెనీయే గనుక మొదటి దరఖాస్తు అచ్చటికే.

రెండవది పురపాలక కార్యాలయముది. 75 చదరపు గజముల లోపు స్థలములో కట్టు చిన్న యింటికి అనుమతి అక్కరలేదు, నమోదు చాలునని 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము చెప్పినది. ఆ వెసులుబాటు ఫ్లాటునకును వర్తించునని భ్రమపడరాదు. మంజూరైన పాత ప్లాను నకలును, ఇంజనీరు గీసిన క్రొత్త పటమును తీసికొని పట్టణ ప్రణాళికా విభాగమునకు పోయి, ఈ మార్పునకు ఏమి కావలెనో పని మొదలిడక ముందే అడుగవలెను. గోడ లేచిన పిదప అడిగినచో, పడగొట్టు ఖర్చు కూడ మీదే కావచ్చును.

పని ముగిసిన పిమ్మట, పలకలు పరచక మునుపు, నేలపై రెండు దినములు నీరు నిలిపి క్రింది యింటి పైకప్పును పరీక్షింపుడు. ఆ పరీక్షకు క్రిందివారిని గూడ పిలువుడు. సమ్మతిపత్రముపై సంతకము చేసినవారు తమ కప్పు పొడిగా నున్నదని తామే చూచుకొందురు.