పోర్ట్-ఓ-ప్రిన్స్ బాలలకు పట్టెడన్నము



కారిబియన్ సముద్రమున హైతీ యను చిన్న దేశము కలదు. బానిసలే తిరుగబడి 1804లో స్వతంత్రులైన దేశమది. దాని రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్. 2021 జూలైలో అధ్యక్షుడు జొవెనెల్ మొయీజ్ స్వగృహముననే హత్య గావింపబడిన పిదప అచ్చట ముఠాల బలము పెచ్చు పెరిగినది. 2024లో నగరమున నూటికి 80 పాళ్లకు పైగా వాని వశమైనదని ఐక్యరాజ్యసమితి యంచనా వేసెను.

ఆ ముఠాలలో నూటికి 30 మొదలు 50 మంది వరకు పిల్లలేయని యూనిసెఫ్ సంస్థ ఆ యేడే తెలిపినది. ఆ పిల్లలను దుష్టులనుటకు నాకు నోరు రాదు. కొందఱిని బెదరించి లాగుకొందురు, నిజమే. కాని ఇల్లు కాలి, బడి మూతపడి, ఆకలితో నున్న బాలుని యొద్దకు ముఠావాడు పలుమాఱు తుపాకితో రాడు. పట్టెడన్నముతోను, నాలుగు డబ్బులతోను వచ్చును. వీథి మొగను నిలిచి వచ్చుపోవువారిని కనిపెట్టుమనును. తుపాకి తరువాత వచ్చును.

కనుక ధర్మము చేయువారికి పోటీ ఆ ముఠావానితోనే. ఏటికొకమాఱు బొమ్మలును పాతబట్టలును పంచి ఛాయాచిత్రము తీయించుకొను దానము ఈ పోటీలో నిలువదు. ఆకలి ప్రతిదినమును వచ్చును గదా! ప్రపంచ ఆహార కార్యక్రమమువారు హైతీ బడులలో వేడి భోజనము పెట్టించుచున్నారు. బిడ్డ ఆ యన్నమునకై బడికి వచ్చును; తల్లియు ఆ యన్నము చూచియే పంపును.

ఆ బియ్యము ఎచ్చటిదని కూడ అడుగవలసియున్నది. 1995 ప్రాంతమున దిగుమతి సుంకము మిక్కిలి తగ్గింపగా అమెరికా బియ్యము చౌకగా వచ్చిపడి, హైతీ వరి రైతు చితికిపోయెను. తాము ప్రోత్సహించిన ఆ విధానము పొరపాటని అమెరికా మాజీ అధ్యక్షుడు క్లింటన్ 2010లో ఒప్పుకొనెను. చేను విడిచిన రైతులు పలువురు రాజధానిలోని పేదవాడలకే చేరిరి. పరాయి బియ్యముతో బిడ్డ కడుపు నింపి, తండ్రి చేను బీడు పెట్టించుట యేమి ధర్మము? ఇటీవల బడి భోజనములకు వలయు దినుసులను కొంతవఱకు హైతీ రైతులయొద్దనే కొనుచుండుట నాకు సంతోషము.

2024 మార్చిలో ముఠాల దాడుల వలన విమానాశ్రయము మూతపడెను. బిడ్డలకును బాలింతలకును యూనిసెఫ్ వారు తెప్పించిన 17 ఓడపెట్టెలలో నొకటి రేవులోనే దోపిడియయ్యెను. ఆ నెలలోనే, నగరమున స్థానికులు వండిన వేడి భోజనములు ఇల్లు విడిచినవారి శిబిరములకు చేరినవి.