పెరటి మొక్కలు - పెంపుడు జీవములు
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



వికారాబాదు, తాండూరు ప్రాంతములందు ఇల్లు కట్టువారికి రాతికి కొదువ లేదు. తాండూరు నాపరాయి పరచిన వాకిట మట్టి కనబడకపోవుటచే మొక్కలు కుండీలలోనికి, ప్రహరిగోడ వెంబడికి, పెరటి మూలకు చేరినవి. మేకపిల్ల, కుక్క, పిల్లి, లేగదూడ తిరుగు చోటును అదియే. కావున ఏ మొక్క నాటవలెను, ఏది నాటరాదు అనునది అందమునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. పాడిగేదె ఖరీదు, బిడ్డలు పెంచుకొన్న కుక్కపిల్ల ప్రాణము అందున్నవి.

మొదట గన్నేరును చూడవలెను. నీరు చాలకున్నను బ్రతుకును, ఏడాది పొడుగునను పూయును, పశువు ముట్టదు. ఈ మూడు గుణములను చూచియే దీనిని కంచెగా నాటుదురు. రహదారుల నడుమ నాటుటకును కారణమిదియే. పశువు ముట్టదనుట నిజమే గాని సగము నిజము. పచ్చి ఆకు చేదు. కొమ్మలు కత్తిరించి కుప్పవేసినచో ఆకు ఎండిన కొద్దీ చేదు తగ్గును, విషము మాత్రము నిలిచియుండును. ఎండుమేతలో కలిసిన ఆ ఆకును ఆకలిగొన్న పశువు ఏరి పారవేయజాలదు. ఆ విషము గుండెపై పనిచేయును. కొలది ఆకులే పెద్ద పశువును సైతము చంపగలవు. పచ్చగన్నేరు గింజలందును ఇట్టి విషమే కలదు. కంచె కత్తిరించినవారు ఆ కొమ్మలను దొడ్డిలోనికి విసరివేయుట కంటె అపాయకరమైన పని మరియొకటి లేదు.

వినాయకచవితినాటి ఇరువదియొక్క పత్రులలో కరవీరమనగా ఈ గన్నేరే. దత్తూరమనగా ఉమ్మెత్త, అర్కమనగా జిల్లేడు. పూజలో వీనికున్న స్థానమును ఎవరును కాదనరు. కాని పూజ ముగిసిన పిదప నిర్మాల్యము పెంటకుప్పపైకో చెరువుగట్టునకో చేరును. మేకలును అచ్చటికే పోవును. అదే పత్రిలోని గరిక మేకకు మంచి మేత, దాని ప్రక్కనున్న గన్నేరు మృత్యువు. ఈ భేదమును మేకకు ఎవరు చెప్పుదురు? గుంట తీసి పూడ్చుట గడియ పని.

ఆముదము మెట్టభూముల రైతునకు చిరపరిచితమైన పంట. దాని గింజలోని రిసిన్ అను విషమును 1978లో లండను నగరమున జార్జి మార్కోవ్ అను బల్గేరియా రచయిత హత్యకు వాడినట్లు పరిశోధకులు నిర్ణయించిరి. ఆ విషము నూనెలో కరగదు, పిండిలో నిలిచిపోవును. గట్టిగా కాగనిచో ఆ పిండి విషము విరుగదు. గులాబి కుండీలకు దానిని ఎరువుగా వేయువారు కలరు. వాసనకు ఆశపడి కుక్క ఆ మట్టిని త్రవ్వి తినును. ఇచ్చట మొక్క నిర్దోషి, ఎరువు దోషి. గులాబికి మాగిన పశువుల ఎరువు చాలును.

పెరటి మొక్క కాకున్నను జొన్నను గూర్చి ఒక్క మాట చెప్పక తప్పదు. లేత జొన్న, వానలేక వాడిన జొన్న, కోసిన మోడునుండి తిరిగి లేచిన పిలక పశువు కడుపులో హైడ్రోసయనిక్ ఆమ్లమును విడుచును. తిన్న పశువు కొలది నిమిషములలోనే ఊపిరాడక పడిపోవచ్చును. సోడియం నైట్రైటు, హైపో అను మందులతో వైద్యుడు రక్షింపగలడు, వైద్యుడు వచ్చువరకు అది బ్రతికియున్నచో! పూత దశ దాటిన పైరును, బాగుగా ఎండిన చొప్పను మేపవచ్చును.

పట్టణపు ఇండ్లలోని కుండీ మొక్కల సంగతి వేరు. చిన్న ఈతచెట్టువలె కనబడు సైకస్ కుక్క కాలేయమును చెరచును. గింజలు మరింత అపాయము. మనీప్లాంటు, డైఫెన్‌బాకియా నమిలినచో నోరు మండి వాచును, ప్రాణము పోవుట అరుదు. పిల్లి ఉన్న ఇంట అసలైన లిల్లీ జాతి పూలను పూలగుత్తిలోనైనను ఉంచరాదు. ఆ పుప్పొడి ఒంటిపై పడగా నాకినను పిల్లి మూత్రపిండములు చెడును. మన అంగళ్ళలో లిల్లీ పూలని అమ్ము నేలసంపెంగ వేరు జాతి. పేరొకటైనంత మాత్రమున రెంటిని ఒకటిగా భావింపరాదు.

ఇక నాటదగినవి. గులాబి, మల్లె, తులసి, కొత్తిమీర కుక్కకు, పిల్లికి హాని చేయవు. సైకస్ అందము కోరువారికి అరెకా పామ్ కలదు. మేకలున్నవారు పెరటి హద్దున అవిసె నాటినచో పూవు కూరకు, ఆకు మేకకు వచ్చును. కందిని విడిచి మాటలాడిన తాండూరువారు ఒప్పుకొనరు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కంది, పప్పు మనకిచ్చి, ఆకును పొట్టును పశువునకు విడుచును.

విషపు మొక్క తిన్నదని తోచినచో నూనెయో ఉప్పునీరో బలవంతముగా పోయరాదు; అది ఊపిరితిత్తులలోనికి దిగును. పశువును నీడన నిలిపి పశువైద్యునికి కబురు పంపవలెను. 2017లో తెలంగాణమున సంచార పశువైద్యశాలలు ఆరంభమైనప్పుడు వానికై ఏర్పరచిన టెలిఫోను సంఖ్య 1962. తిన్న మొక్క రెమ్మ నొకదానిని, దొరకినచో కాయతో సహా, తెంచి సంచిలో వేసి వైద్యునికి చూపవలెను. ఏమి తిన్నదో, ఎంత తిన్నదో, ఎన్ని గంటలకు తిన్నదో మేత వేసినవారే చెప్పవలెను.